ఫిల్టర్ కెపాసిటర్‌ను మన ఊరి కరెంటుతో కొలవాలి

"ఆంపియర్‌కు 2200 ఏస్కో, కండ్లు మూస్కొని నడుస్తది." నల్లగొండలో ఏ స్పేర్ పార్టుల కౌంటర్ దగ్గర నిలబడినా ఈ మాట వినబడుతుంది. పవర్ సప్లైలో ఏసీని డీసీ చేశాక మిగిలే ఎగుడుదిగుడును సాపు చేసే ఫిల్టర్ కెపాసిటర్ గురించి ఆ మాట, 2200 అంటే మైక్రోఫారడ్లు. మహబూబ్‌నగర్‌లో అడిగినా ఇదే చెప్తారు. హైదరాబాద్ పోయి కోఠి గుజరాతీ గల్లీలో అడిగినా ఇదే. చెప్పేవాళ్లను తప్పుపట్టడానికి లేదు. పాత పుస్తకాల్లోనూ ఇంచుమించు ఇదే అంకె ఉంటుంది, యూట్యూబ్‌లో సర్క్యూట్ గీసి చూపించేవాళ్లూ ఇదే రాస్తారు.

ఈ మధ్య నా దగ్గర ల్యాబు చేసే దేవరకొండ వైపు పిల్లవాడు ఒకడు ఇంట్లో వాడుకోవడానికి డీసీ పవర్ సప్లై కట్టుకుంటానని సామాన్ల చీటీ తెచ్చి చూపించాడు. 12 వోల్టులు, 1 ఆంపియర్. 15 వోల్టుల 2 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు, 2200 మైక్రోఫారడ్ 25 వోల్టుల కెపాసిటర్ ఒకటి, 12 వోల్టులు నిలకడగా ఇచ్చే 7812 రెగ్యులేటర్ ఐసీ ఒకటి, దానికి హీట్ సింక్. శ్రద్ధగా రాసుకొచ్చిన చీటీ. ట్రాన్స్‌ఫార్మర్ 2 ఆంపియర్‌ది రాశాడు చూడండి, చాలామంది 1 ఆంపియర్ డీసీకి 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మరే తెస్తారు. అయినా ఆ ఒక్క కెపాసిటర్ దగ్గర మా ఇద్దరికీ సాయంత్రం దాకా వాదన నడిచింది.

"అందరూ ఇదే ఏస్తరు కద సార్. వాళ్లయి నడుస్తలేవా?" అన్నాడు.

నడుస్తున్నాయి. ఏ ఊళ్లో నడుస్తున్నాయి, ఏ వేళకు మొరాయిస్తున్నాయి అన్నది చూడాలి. నా అభిప్రాయం ఇది: మైక్రోఫారడ్ల అంకె అన్నిటికన్నా చివర తేలాలి. మన దగ్గర కరెంటు ఎంత కిందికి దిగుతుంది, ఎంత పైకి పోతుంది, ఆ డబ్బా లోపల వేడి ఎంత, ఈ మూడూ ముందు తెలియాలి. వాటిని పక్కనపెట్టి 2200 అనో 4700 అనో అడగడం, కొలత ఇవ్వకుండా చొక్కా కుట్టమనడం లాంటిది.

230 అనేది కాగితం మీద

మన జిల్లాలు బోర్ల మీద బతికే జిల్లాలు. సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న మిర్యాలగూడ వైపు కొంత నయం గానీ మునుగోడు, దేవరకొండ, అటు కల్వకుర్తి, అచ్చంపేట వైపు మోటరు తిరిగితేనే పంట. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. అంతకుముందు విడతల వారీగా కరెంటు వచ్చేది, అది రాగానే ఆటో స్టార్టర్లు ఉన్న మోటర్లన్నీ ఒక్కసారిగా లేచేవి, ఊళ్లో బల్బు ఎర్రటి తీగలా మిగిలేది. ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పారు. ఇప్పుడు పరిస్థితి అప్పటంత లేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

కానీ ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివర ఉన్న ఇళ్ల సంగతి వేరు. యాసంగి నాట్ల సమయంలో పొద్దున పదింటికి అక్కడ మీటరు పెడితే 190 కనిపించిన ఇళ్లు చాలా చూశాను. అదే ఇంట్లో అర్ధరాత్రి, మోటర్లు ఆగి ఊరంతా పడుకున్నాక, 255 దాటడమూ చూశాను. అందుకే నేను ఏది కట్టినా 190 నుంచి 260 దాకా బతకాలనే లెక్కతో కడతాను. 230 అనే అంకె ఆ ఇంట్లో పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి అలా వచ్చి పోతుంది, అంతే.

సరిగ్గా ఇక్కడే కెపాసిటర్ మీద రెండు వైపుల నుంచీ ఒత్తిడి పడుతుంది. కరెంటు తక్కువున్నప్పుడు అది పెద్దదిగా ఉండాలి. కరెంటు ఎక్కువైనప్పుడు దాని మీద రాసిన వోల్టులు ఎక్కువుండాలి. దుకాణంలో చెప్పే సూత్రంలో ఈ రెండింటికీ చోటు లేదు.

రిపుల్ అడుగు ఎక్కడ తగులుతుంది

ఏసీని డీసీ చేసే ఆ నాలుగు డయోడ్ల బ్రిడ్జ్ రెక్టిఫైయర్ దాటాక సెకనుకు 100 సార్లు వోల్టేజ్ శిఖరానికి వస్తుంది. మన దగ్గర 50 హెర్ట్జ్ కాబట్టి ఒక శిఖరానికీ ఇంకో శిఖరానికీ మధ్య 10 మిల్లీసెకన్లు. ఆ కాసేపూ లోడును కెపాసిటరే మోయాలి. మోస్తూ దాని వోల్టేజ్ కొంత దిగుతుంది, శిఖరం దగ్గర మళ్లీ నిండుతుంది. ఈ ఊగడమే రిపుల్, అది దిగే అట్టడుగు చోటే రిపుల్ అడుగు. అమెరికా పుస్తకాలు, అక్కడి వీడియోలు చూసి అంకెలు దించుకునేవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. వాళ్లది 60 హెర్ట్జ్, వాళ్లకు ఆ ఎడం 8.3 మిల్లీసెకన్లే. అదే రిపుల్ కావాలంటే మనకు వాళ్లకన్నా ఐదో వంతు పెద్ద కెపాసిటర్ కావాలి.

లెక్క తేలిక. కరెంటును ఆంపియర్లలో తీసుకుని, దాన్ని 100తోనూ, ఫారడ్లలో కెపాసిటీతోనూ భాగిస్తే రిపుల్ వోల్టులు వస్తాయి. 1 ఆంపియర్‌కు 1000 మైక్రోఫారడ్ పెడితే 10 వోల్టులు. 2200 పెడితే 4.5. 4700 పెడితే 2.1. నిజానికి కెపాసిటర్ పూర్తిగా 10 మిల్లీసెకన్లూ ఖాళీ అవుతూ ఉండదు, ఏడెనిమిది దగ్గరే మళ్లీ నిండటం మొదలవుతుంది. కాబట్టి అసలు రిపుల్ ఇంకాస్త తక్కువ. ఆ తేడాను నేను చేతిలో ఉంచుకుంటాను, లెక్కలోంచి తీసేయను.

ఇప్పుడు మన పిల్లవాడి చీటీ. ఏసీ వోల్టులను 1.41తో గుణిస్తే శిఖరం వస్తుంది, 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ శిఖరం 21.2. బ్రిడ్జ్‌లో రెండు డయోడ్లు కలిసి 2 వోల్టులు తింటాయనుకుంటే 19.2. అందులోంచి 2200 తెచ్చే 4.5 రిపుల్ తీసేస్తే అడుగు 14.7. 7812కు 12 వోల్టులు ఇవ్వాలంటే లోపలికి కనీసం 14 రావాలి. అంటే 230 దగ్గర 2200 పాసైంది, 0.7 వోల్టుల తేడాతో. పుస్తకం రాసినవాళ్లు అబద్ధం రాయలేదు.

అదే 190 దగ్గర చూద్దాం. 15 కాస్తా 12.4 అవుతుంది. శిఖరం 17.5. డయోడ్లు పోను 15.5. దాంట్లోంచి 4.5 పోతే 11. కావాల్సింది 14. సెకనుకు 100 సార్లు ఐసీ చేతులెత్తేస్తుంది, అవుట్‌పుట్లో 100 హెర్ట్జ్ గుయ్ మనే చప్పుడు దిగుతుంది.

ఇక్కడ చాలామంది అడ్డదారి పడతారు. రిపుల్‌ను చంపడమే కెపాసిటర్ పని అనుకుని, ఆస్కిలోస్కోప్ మీద గీత తిన్నగా వచ్చేదాకా మైక్రోఫారడ్లు పెంచుతూ పోతారు. రెగ్యులేటర్ ఉన్న సప్లైలో ఆ పని రెగ్యులేటర్‌ది. 7812 రిపుల్‌ను 70 డెసిబెల్‌ల దగ్గర తగ్గిస్తుంది, అంటే సుమారు మూడువేల వంతు. లోపలికి 1.5 వోల్టుల రిపుల్ పోతే బయటికి అర మిల్లీవోల్టు వస్తుంది. వోల్టులు మార్చుకోగల ఎల్ఎం317 రెగ్యులేటర్ అయితే అడ్జస్ట్ కాలుకు 10 మైక్రోఫారడ్ పెట్టి ఇంకా తగ్గించుకోవచ్చు. అయితే ఇదంతా రిపుల్ అడుగు 14కు పైన ఉన్నంతసేపే. అడుగు 14 కిందికి పోయిన క్షణం రెగ్యులేటర్ ఉన్నా లేనట్టే. అందుకే నేను చూసేది రిపుల్ ఎంత అని కాదు, కరెంటు బాగా తక్కువున్న వేళ దాని అడుగు ఎక్కడుంది అని.

భజన మందిరం మైకు

చండూరు దగ్గరి ఒక ఊళ్లో భజన మందిరానికి మిక్సర్ పెట్టారు. దాని లోపలి సప్లై ఎవరో చేత్తో కట్టింది, ఇదే 15 వోల్టులు, ఇదే 2200, ఇదే 7812. రాత్రి తొమ్మిది దాటాక భజన జరిగితే చప్పుడు లేదు. సాయంత్రం ఆరింటికి మైకు పెడితే మాత్రం గుయ్ మంటుంది. సౌండ్ చూసుకునే అబ్బాయి మైకు వైర్లు మార్చాడు, ఎర్త్ రాడ్ దగ్గర నీళ్లు పోశాడు, ఐసీ మార్చాడు, అది పోకపోయేసరికి ఇంకో కంపెనీ ఐసీ వేశాడు.

నేను పోయినప్పుడు సాయంత్రమే. సాకెట్లో 195 ఉంది. ఆ అబ్బాయి మీటరు తీసి పెద్ద కెపాసిటర్ మీద పెట్టి చూపించాడు. "14 రావాలంటరు కద సార్, 14.2 ఉన్నది. ఐసీయే ఖరాబు మాల్ వస్తున్నది" అన్నాడు.

మీటరు డీసీలో చూపించేది సగటు. అదే చోట మీటరును ఏసీలో పెట్టించాను, 1 వోల్టు పైచిలుకు చూపించింది. ఆ రిపుల్ రంపపు పళ్ల ఆకారంలో ఉంటుంది కాబట్టి ఆ అంకెను మూడున్నరతో గుణిస్తే పైనుంచి కిందికి ఎంత ఊగుతుందో ఇంచుమించుగా తెలుస్తుంది. అంటే మూడున్నర వోల్టుల పైన. సగటు 14.2 లోంచి అందులో సగం తీసేస్తే అడుగు 12.4. ఐసీ తప్పేమీ లేదు. సంచిలో ఉన్న 4700 ఒకటి దానికి సమాంతరంగా అక్కడికక్కడే టాంకా వేస్తే చప్పుడు పోయింది. ఈ పరీక్ష చేసేవాళ్లకు ఒక మాట: డీసీని ఆపి ఏసీని మాత్రమే కొలిచే మీటరు కావాలి. చవక మీటర్లు కొన్ని ఏసీ రేంజ్‌లో డీసీని కూడా కలుపుకుని ఏదో ఒక అంకె చూపిస్తాయి, దాన్ని నమ్మితే పక్కదారి పడతాం.

అదే డబ్బాలో ఇంకొకటి కనిపించింది. ఆ 2200 కెపాసిటర్ నెత్తి కొద్దిగా ఉబ్బి ఉంది. మీద 25 వోల్టులు అని ఉంది.

వోల్టుల దగ్గర పిసినారితనం వద్దు

ఎందుకు ఉబ్బిందో లెక్క వేస్తే తెలుస్తుంది. 260 దగ్గర ఆ ట్రాన్స్‌ఫార్మర్ 15 కాస్తా 17 అవుతుంది, శిఖరం 24. ఆ 15 అనేది నిండు లోడు మీద చెప్పే అంకె. లోడు లేకుండా ఊరికే ఆన్‌లో ఉంటే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పది నుంచి ఇరవై శాతం ఎక్కువ ఇస్తాయి. పదిహేను శాతం వేసుకున్నా 27.6 అయింది. లోడు లేనప్పుడు డయోడ్లూ పెద్దగా తినవు. మందిరం పూజారి రాత్రి మిక్సర్ ఆపాడు గానీ సప్లై స్విచ్ ఆపలేదు. 25 వోల్టుల కెపాసిటర్ రాత్రంతా 27 మోసింది.

ఇక్కడ 35 వోల్టులది పెట్టాలి, అందులో నాకు సందేహమే లేదు. 50 పెట్టినా నష్టం లేదు, చోటుంటే. ఎక్కువ వోల్టుల కెపాసిటర్‌ను తక్కువ వోల్టుల్లో వాడితే దాని కెపాసిటీ పడిపోతుందని ఒక మాట తిరుగుతూ ఉంటుంది. ఇప్పటి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు ఆ భయం అక్కర్లేదు. సిరామిక్ చిప్ కెపాసిటర్లలో వోల్టేజ్ పెరిగేకొద్దీ కెపాసిటీ తగ్గడం నిజమే గానీ, అక్కడ కూడా ఎక్కువ వోల్టులది తీసుకోవడమే మందు.

స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 300, 400 రావచ్చు. దానికి ఏ కెపాసిటరూ సమాధానం కాదు. ప్రైమరీ వైపు ఫ్యూజు, దాని తర్వాత ఎక్కువైన వోల్టేజ్‌ను తన మీద వేసుకునే ఎంఓవీ ఒకటి తప్పకుండా పెట్టండి. ఇది వేరే పోస్టు అవుతుంది.

ఎండాకాలం గదిలో 45 పైన, డబ్బాలో 65

నా దృష్టిలో మన ప్రాంతంలో కెపాసిటర్లను చంపేది ఎక్కువగా వేడే. మే నెలలో నల్లగొండలో 44, 45 డిగ్రీలు. రేకుల గదిలో ఇంకా ఎక్కువ. ఆ గదిలో మూత బిగించిన ఇనుప డబ్బా, అందులో ట్రాన్స్‌ఫార్మర్, పది వాట్ల దాకా ఖర్చు చేసే ఐసీ. లోపల 65 డిగ్రీలు అనుకోవడం ఎక్కువేమీ కాదు.

ఎలక్ట్రోలైటిక్ లోపల తడి ద్రవం ఉంటుంది. వేడికి అది మెల్లగా ఆవిరై రబ్బరు బిరడా గుండా పోతూ ఉంటుంది. పది డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ ఆయుష్షు రెట్టింపు అవుతుందని కంపెనీలే చెప్పే మోటు లెక్క ఒకటుంది. 85 డిగ్రీలు, 2000 గంటలు అని రాసిన కెపాసిటర్ 65 దగ్గర 8000 గంటలు వస్తుంది. రోజంతా ఆన్‌లో ఉంటే అది ఏడాదికి కూడా తక్కువ. 105 డిగ్రీలు, 2000 గంటలు అని రాసినది అదే చోట 32,000 గంటలు వస్తుంది, మూడున్నరేళ్ల పైమాట. ధరలో తేడా కొద్ది రూపాయలు. ఏడాదిలో ఒక కాలమే 45 డిగ్రీలు ఉంటుంది కదా అని వాదించవచ్చు, నిజమే, అసలు ఆయుష్షు రెండు సందర్భాల్లోనూ ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది. కానీ నాలుగు రెట్ల తేడా మాత్రం ఎక్కడికీ పోదు.

పైగా ఆ 65 బయటి వేడి మాత్రమే. కెపాసిటర్ తనంతట తానూ వేడెక్కుతుంది. 1 ఆంపియర్ డీసీ తీసుకుంటే దాని గుండా అటూ ఇటూ పోయే రిపుల్ కరెంటు ఒకటిన్నర ఆంపియర్ దాటవచ్చు. శిఖరం దగ్గర కొద్దిసేపే నిండుతుంది కాబట్టి ఆ కొద్దిసేపూ కరెంటు బుసకొడుతూ వస్తుంది. ప్రతి మంచి కంపెనీ డేటాషీట్‌లో కెపాసిటర్ ఎంత రిపుల్ కరెంటు మోస్తుందో రాసి ఉంటుంది. మన దుకాణాల్లో ఆ అంకె అడిగే మనిషి నాకింతవరకు తగల్లేదు. అడగాలి, లేదా సీరీస్ పేరు రాసుకొచ్చి ఫోన్లో డేటాషీట్ తెరిచి చూసుకోవాలి. అదీ కుదరకపోతే ఒక పెద్దదాని బదులు రెండు చిన్నవి పక్కపక్కన పెట్టండి. కరెంటు సగం సగం పంచుకుంటాయి, లోపలి రెసిస్టెన్స్ సగమవుతుంది, రెండిటి ఒంటికీ కలిపి గాలి తగిలే చోటు ఎక్కువ.

అట్లయితే 22,000 పెట్టేద్దాం

మా పిల్లవాడు ఇంతదాకా విని, "అట్లయితే పెద్దది ఒకటి ఏసేస్తే లొల్లి ఉండదు కద సార్, 22,000 ఏద్దాం" అన్నాడు. ఆంప్లిఫయర్లు కట్టేవాళ్లలో ఈ మాట నమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు. రెగ్యులేటర్ లేని పవర్ ఆంప్లిఫయర్‌లో పెద్ద కెపాసిటర్‌కు న్యాయం ఉంది. ఇక్కడ లేదు.

కెపాసిటర్ పెంచేకొద్దీ అది నిండే సమయం ఇంకా కుంచించుకుపోతుంది, ఆ కొద్ది క్షణాల్లోనే మొత్తం కరెంటు రావాలి. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టకు, డయోడ్లకు వేడి పెరుగుతుంది. మామూలు కెపాసిటర్‌తోనే 1 ఆంపియర్ డీసీ కావాలంటే ట్రాన్స్‌ఫార్మర్ 1.6 దాకా ఇవ్వాల్సి వస్తుంది, అందుకే 2 ఆంపియర్‌ది రాయడం మంచి పని అన్నాను. ఇక స్విచ్ వేసిన క్షణంలో ఖాళీ కెపాసిటర్ షార్ట్ సర్క్యూట్‌తో సమానం. 1ఎన్4007 డయోడ్ మోయగల ఒక్కసారి దెబ్బ 30 ఆంపియర్లు, 1ఎన్5408 అయితే 200. కరెంటు రోజుకు పదిసార్లు పోయి వచ్చే ఊళ్లో ఈ దెబ్బ కూడా పదిసార్లు తగులుతుంది.

మరి ఎంత? 190 దగ్గర డయోడ్లు పోను 15.5 ఉంది, కావాల్సింది 14. రిపుల్‌కు మిగిలింది 1.5. లెక్క ప్రకారం 6700 మైక్రోఫారడ్. మీద రాసిన అంకె కన్నా ఇరవై శాతం తక్కువ ఉన్నా కంపెనీ ఒప్పుకున్న హద్దులోనే ఉన్నట్టు, కాబట్టి 8400. దుకాణంలో దొరికేది 10,000. అది పెడితే పని అవుతుంది. నేను చాలాకాలం అదే చెప్పేవాణ్ని, ఇప్పుడూ తప్పు అనను.

ఇంకో దారి ట్రాన్స్‌ఫార్మర్‌ను 18 వోల్టులకు మార్చడం. అప్పుడు 190 దగ్గర రిపుల్‌కు 5 వోల్టుల చోటు దొరుకుతుంది, 3300 చాలు. చాలామంది మెకానిక్‌లు చేసేది ఇదే, వినడానికి చక్కగానే ఉంటుంది. కానీ 260 దగ్గర లోడు మీద ఐసీ 13 వాట్ల పైన వేడి కక్కుతుంది, లోడు లేకపోతే లోపలికి 33 వోల్టులు పోతాయి. 7812కు గరిష్ఠం 35. అంచు మీద నడవడమే. పైగా ఆ వేడి ఎక్కడికి పోతుంది? పక్కనున్న కెపాసిటర్‌లోకి. కెపాసిటర్ మీద మిగిల్చిన డబ్బు హీట్ సింక్ మీద పెట్టాలి, ఆయుష్షు రూపంలో ఇంకోసారి కట్టాలి.

నాకు నచ్చింది మూడోది. డయోడ్లు మార్చడం. మామూలు డయోడ్ల బదులు 1ఎన్5822 షాట్‌కీ డయోడ్లు నాలుగు పెడితే 2 వోల్టులు తినేచోట 1 వోల్టే తింటాయి. 190 దగ్గర రిపుల్‌కు 1.5 బదులు 2.5 చోటు వచ్చింది. కెపాసిటర్ 6700 నుంచి 4000కు దిగింది. ఇరవై శాతం తరుగు కలుపుకుంటే 5000. కాబట్టి 3300, 35 వోల్టులు, 105 డిగ్రీలవి రెండు, పక్కపక్కన. రెండూ అంకెకన్నా ఇరవై శాతం తక్కువే వచ్చినా అడుగు 14.6 దగ్గర ఉంటుంది. ఆ డయోడ్లు ఎదురు దిశలో మోయగలిగేది 40 వోల్టులు, ఇక్కడ పడేది 28 లోపు. వేడికి వాటిలో లీకేజీ పెరుగుతుంది కాబట్టి హీట్ సింక్‌కు దూరంగా ఉంచాలి, అంతే. చీటీలో మొత్తం తేడా వంద రూపాయల లోపే.

అసలు ఎందుకీ తంటా అనేవాళ్లకు

నూటయాభై రూపాయలకు 12 వోల్టుల అడాప్టర్ దొరుకుతుంటే ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ మోయడం దేనికి అని అడిగితే, నిజాయితీగా చెప్పాలి: లైటు వెలిగించడానికి, వైఫై రౌటర్‌కు, కెమెరాకు అడాప్టరే కొనుక్కోండి. దాని మీద 100 నుంచి 240 దాకా అని రాసి ఉంటుంది, మన 190 దానికి లెక్కే కాదు. రేడియో వినడానికి, మైకు ప్రీఆంప్‌కు, ల్యాబు పనికి మాత్రం దాని స్విచింగ్ రొద పడదు. నేర్చుకునే పిల్లలకు ఇనుప ట్రాన్స్‌ఫార్మరే మంచిదని కూడా నా నమ్మకం. ప్రతి భాగం కంటికి కనబడుతుంది, మీటరు పెట్టి కొలవచ్చు, ప్రైమరీ వైపు ఒళ్లు దగ్గర పెట్టుకుంటే మిగతాదంతా తక్కువ వోల్టులే.

అడాప్టర్ కొన్నా కెపాసిటర్ సమస్య వదలదు. రిపేరుకు వచ్చే డిష్ బాక్సుల అడాప్టర్లు, ఎల్ఈడీ బల్బులు ఎండాకాలం చివర విప్పి చూడండి. ఎక్కువ వాటిలో నెత్తి ఉబ్బిన కెపాసిటర్ కనబడుతుంది. 2000 సంవత్సరం తర్వాత కొన్నేళ్లపాటు చెడ్డ ఎలక్ట్రోలైట్ వల్ల ప్రపంచమంతా కంప్యూటర్ మదర్‌బోర్డులు ఇలాగే ఉబ్బి పోయాయి. ఆ రోజుల్లో పనిచేసిన మెకానిక్‌లందరికీ గుర్తుంటుంది.

కౌంటర్ దగ్గర

ఇంత లెక్క చేసి నకిలీది తెచ్చుకుంటే అంతా వృథా. పెద్ద డబ్బా కోసి చూస్తే లోపల వేలంత చిన్న కెపాసిటర్ ఉండటం నేను కళ్లారా చూశాను, మీద మాత్రం 10,000 అని పెద్ద జపాన్ కంపెనీ పేరు. చేతిలో బరువు చూడండి, పరిమాణానికి తగినట్టు ఉండాలి. కెపాసిటీ కొలిచే మీటరు వెంట తీసుకుపోండి, కాస్త తెలిసిన దుకాణదారు ఏమీ అనుకోడు. కేరళ ప్రభుత్వ సంస్థ కెల్ట్రాన్ కన్నూరులో చేసేవి దొరికితే నేను సంతోషంగా తీసుకుంటాను.

చిన్న ఊళ్లలో ఇంకో ఇబ్బంది పాత సరుకు. దుకాణం అటక మీద ఏళ్ల తరబడి పడి ఉన్న కెపాసిటర్‌లో లోపలి ఆక్సైడ్ పొర పలుచబడుతుంది. కొత్తదే కదా అని ఒక్కసారిగా నిండు వోల్టేజ్ ఇస్తే వేడెక్కి బుస్సుమంటుంది. అలాంటిదాన్ని కొన్ని కిలోఓమ్‌ల రెసిస్టర్ గుండా కొద్దికొద్దిగా వోల్టేజ్ పెంచుతూ కొన్ని గంటలు ఉంచితే పొర మళ్లీ కట్టుకుంటుంది. తేదీ కోడు కనబడితే చూసుకుని తీసుకోవడం అంతకన్నా మేలు.

బిగించేటప్పుడు కెపాసిటర్లను హీట్ సింక్‌కు, ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎంత దూరం కుదిరితే అంత దూరం పెట్టండి. ఐసీ కాళ్ల దగ్గరే లోపలి వైపు 0.33, బయటి వైపు 0.1 మైక్రోఫారడ్ చిన్నవి కూడా ఉండాలి, పెద్దది ఎంత పెద్దదైనా వాటి పని చేయదు. పెద్ద కెపాసిటర్ల మీద 2.2 కిలోఓమ్, 1 వాట్ రెసిస్టర్ ఒకటి అడ్డంగా వేస్తే స్విచ్ తీసిన అర నిమిషం, నిమిషంలోపు ఖాళీ అవుతుంది, రేపు మూత విప్పినవాడి స్క్రూడ్రైవర్ మీద నిప్పురవ్వ లేవదు.

మా పిల్లవాడు చీటీ మార్చుకుని పోయాడు గానీ ఒక పట్టు వదల్లేదు. వాళ్ల ఊరి కరెంటు 190కి దిగదని, 205కు తక్కువ తను ఎప్పుడూ చూడలేదని అంటాడు. అదే నిజమైతే మామూలు డయోడ్లతో కూడా 4700 దాదాపు సరిపోతుంది, నా లెక్క వాళ్లింటికి కాస్త ఎక్కువే. అందుకే సామాను కొనే ముందు ఒక పని చెప్పి పంపాను: నాట్లు మొదలయ్యాక పొద్దున మోటర్లు నడిచే వేళ ఒకసారి, రాత్రి పన్నెండు దాటాక ఒకసారి, వాళ్లింటి సాకెట్లో మీటరు పెట్టి ఆ రెండు అంకెలూ రాసుకు రమ్మన్నాను. అవి రాగానే చీటీ మళ్లీ మొదటి నుంచి లెక్క వేస్తాం.